వెనక సీట్లో పాప, ముందు టర్బో: సెకండ్‌హ్యాండ్ స్పోర్టీ హ్యాచ్‌లలో ఏది కొనాలి?

కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు పాప చైల్డ్ సీటు కూడా వెంట పట్టుకెళ్ళాం. అమ్మే కుర్రాడు ఉత్సాహంగా బానెట్ ఎత్తి టర్బో చూపించబోతుంటే, మా ఆవిడ వెనక తలుపు తీసి సీటు బిగించే పనిలో పడింది. పాప మొహం వెనక్కి ఉండేలా పెట్టే సీటు అది. ముందు సీటును బాగా ముందుకు జరిపితే గానీ పట్టలేదు. అప్పుడు తను ముందు కూర్చుని చూస్తే మోకాళ్ళు గ్లవ్‌బాక్స్‌కి తగులుతున్నాయి. ఇంజన్ స్టార్ట్ చేయకుండానే ఆ కారు కథ ముగిసింది. నాకైతే అది తెగ నచ్చింది. ఇప్పటికీ అలాంటిది రోడ్డు మీద కనిపిస్తే తల తిప్పి చూస్తాను.

అందుకే ఎవరైనా వచ్చి "చిన్న పిల్లలున్నారు, కానీ నడపడానికి కాస్త మజా ఉండాలి, పాత కారైనా పర్లేదు, ఏది తీసుకోను?" అని అడిగితే నేను హార్స్‌పవర్ దగ్గర మొదలుపెట్టను. ఆ కార్లలో సగం వెనక సీటు దగ్గరే పోతాయి. మిగిలినవాటిలో సగం పాత ఓనర్ దగ్గర పోతాయి. ఆ రెండూ దాటిన కారుకి బ్యాడ్జీ ఏదైనా పెద్ద తేడా రాదు.

ముందు వెనక సీటు తేల్చండి

యూరప్‌లో వాడే ఆర్129 నిబంధన ప్రకారం 15 నెలలు నిండేదాకా పిల్లల్ని వెనక్కి తిరిగి ఉండే సీట్లోనే కూర్చోబెట్టాలి. సీటు బరువు, ఎత్తు పరిమితులు ఒప్పుకున్నన్నాళ్ళు అలాగే ఉంచడం మంచిదని సేఫ్టీ నిపుణుల మాట. అంటే ఈ ఇబ్బంది మూణ్ణాలుగు నెలలది కాదు, ఏళ్ళ తరబడి ఉండేది. కొన్ని రోజులు సర్దుకుపోదాంలే అనుకుంటే కుదరదు.

కాబట్టి సీటు వెంట తీసుకెళ్ళండి. ఇంట్లో పొడుగ్గా ఉన్నవాళ్ళు ముందు కూర్చుని, తమకు నడపడానికి వీలుగా సీటు జరుపుకోవాలి. ఆ తర్వాతే దాని వెనక చైల్డ్ సీటు బిగించాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, అన్నీ సరిపోయినట్టే కనిపిస్తాయి. ఇంటికొచ్చాక డ్రైవర్ స్టీరింగ్‌ని గుండెలకు హత్తుకుని నడపాల్సి వస్తుంది. రెండో బిడ్డ ఆలోచన ఉంటే రెండు వైపులా పెట్టి చూడండి. ముగ్గురు పిల్లలైతే ఈ సైజు కార్లలో మూడు సీట్లు పక్కపక్కన పట్టడం దాదాపు అసాధ్యం. వేరే రకం కారు చూసుకోవడమే నయం.

చైల్డ్ సీటును నేరుగా కారుకి బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయో లేదో అమ్మేవాళ్ళని అడగడం కాదు, సీటు కుషన్‌కీ వీపుకీ మధ్య సందులోకి వేళ్ళు పెట్టి తడమండి. కొన్ని కార్లలో జిప్ వెనకో ప్లాస్టిక్ మూత వెనకో ఉంటాయి. ఇంకొన్నింట్లో లోతుగా ఉండి, సీటు బిగించేసరికి వేళ్ళు గీరుకుపోతాయి. అమెరికాలో 2002 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఇలాంటి ఏర్పాటు తప్పనిసరి చేశారు. మిగతా చోట్ల కారు పాతదైతే ఉందనుకోవడానికి లేదు. ముందు సీట్లో చైల్డ్ సీటు పెట్టాల్సి వస్తుందనుకుంటే ఎయిర్‌బ్యాగ్ ఆఫ్ చేసే తాళం ఉందేమో చూడండి. పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగ్ ముందు వెనక్కి తిరిగి ఉండే సీటు ఎప్పుడూ పెట్టకూడదు.

ఇక్కడే కొన్ని మంచి కార్లు రాలిపోతాయి. టయోటా జీఆర్ యారిస్ నడపడానికి అద్భుతం. కానీ మూడు డోర్లు, నాలుగు సీట్లు, డిక్కీ 174 లీటర్లు. స్ట్రోలర్ పెడితే ఇంకేం పట్టదు. మినీ కూపర్ ఎస్ మూడు డోర్లదైతే 211 లీటర్లు. హోండా సివిక్ టైప్ ఆర్ (2017లో వచ్చినది) డిక్కీ విషయంలో దర్జాగా 420 లీటర్లు ఇస్తుంది, వెనక కాళ్ళకీ బోలెడు చోటు. కానీ వెనక సీట్లు రెండే, మధ్యలో బెల్ట్ లేదు. ఇద్దరు పిల్లలకు చక్కగా సరిపోతుంది. వాళ్ళ మధ్య అమ్మమ్మ కూర్చోవాలంటే మాత్రం కుదరదు.

మూడు డోర్ల కారు గురించి ఒక్క మాట. "పర్లేదు, వంగి ఎక్కిస్తాం" అని అందరూ అంటారు. నిద్రపోతున్న పదకొండు కిలోల బిడ్డను, వానలో, పక్క కారుకి తలుపు తగలకుండా, ముందు సీటు మడిచి లోపలికి పెట్టి చూడండి. నడుం నొప్పి వచ్చాక కారు మీద ప్రేమ తగ్గిపోతుంది.

గోల్ఫ్ జీటీఐ: ఎందుకు అందరూ ఇదే అంటారు

ఫోక్స్‌వాగన్ మొదటి గోల్ఫ్ జీటీఐని 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో చూపించి, 1976లో అమ్మకానికి పెట్టింది. కుటుంబం కారూ స్పోర్ట్స్ కారూ ఒకటే కావాలనే ఆలోచనకి అప్పటి నుంచి ఇదే కొలమానం. సెకండ్‌హ్యాండ్‌లో నేను మొదట చూడమనేది ఏడో తరం, అంటే 2013లో మొదలైనది. యూరప్ లెక్కల్లో 220 హార్స్‌పవర్, పర్ఫార్మెన్స్ వెర్షన్‌లో 230. డిక్కీ 380 లీటర్లు. ఐదు డోర్లదైతే పిల్లల సీట్లు పెద్ద గొడవ లేకుండా పడతాయి. మెల్లగా నడిపితే మామూలు కారులాగే ఉంటుంది, తొక్కితే పరుగెడుతుంది. అసలు గుణం అదే.

అంతకు ముందు తరాల ధర తక్కువ కాబట్టి మనసు అటు లాగుతుంది. అక్కడ కాస్త ఆగండి. ఐదో తరంలో మొదట వచ్చిన రెండు లీటర్ల ఇంజన్‌లో, ఫ్యూయల్ పంపును నడిపే చోట బొటనవేలంత లోహపు ముక్క ఒకటి ఉంటుంది. మెకానిక్‌లు క్యామ్ ఫాలోయర్ అంటారు. అది అరిగి చిల్లుపడితే పంపుకీ క్యామ్‌షాఫ్ట్‌కీ చేటు. విప్పి చూడ్డం చిన్న పనే, చూడకుండా వదిలేస్తే బిల్లు పెద్దది. ఆరో తరంలో, సుమారు 2012కి ముందు తయారైన ఇంజన్లలో టైమింగ్ చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ ఫెయిలయ్యే సమస్య ఉంది. అది ఫెయిలైతే చైన్ పళ్ళు దాటుతుంది, వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. కొత్త రకం టెన్షనర్ వేయించినట్టు బిల్లు ఉందా? ఉంటే చూడొచ్చు. "వేయించామనుకుంటా" అంటే, వేయించనట్టే లెక్క.

ఏడో తరంలో ఆ బెడద తగ్గింది కానీ వాటర్ పంప్ దగ్గర కూలెంట్ కారడం మామూలు. ట్యాంక్‌లో కూలెంట్ కింది గీతకంటే దిగి ఉంటే ఎందుకని అడగండి. ఆటోమేటిక్ అయితే ఇంకో ప్రశ్న: ఆరు గేర్ల డీఎస్‌జీ (ఫోక్స్‌వాగన్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్) కి ప్రతి 60,000 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. 1,30,000 తిరిగిన కారుకి ఆ బిల్లులు రెండు ఉండాలి. ఒకటీ లేకపోతే నేను బేరం దాకా పోను.

స్థలం కావాలా, బెంగ లేకపోవడం కావాలా

డిక్కీయే ముఖ్యమైతే పదో తరం సివిక్ హ్యాచ్‌బ్యాక్ (2016 నుంచి 2021 దాకా) మిగతావాటిని చిన్నబుచ్చుతుంది. యూరప్ మోడల్లో 478 లీటర్లు. స్ట్రోలర్ మడవకుండా తోసేయొచ్చనిపిస్తుంది. 1.5 టర్బో ఇంజన్ టైప్ ఆర్ అంత దూకుడుగా ఉండదు గానీ, మాన్యువల్ గేర్‌బాక్స్‌తో నడిపితే ముఖం మీద నవ్వు వస్తుంది. సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్‌తో తీసుకుంటే ఆ నవ్వు సగమైపోతుంది. అలాంటప్పుడు స్పోర్టీ అనే మాట ఎందుకు, మామూలు సివిక్ కొనుక్కోవచ్చు.

ఈ ఇంజన్‌లో తెలుసుకోవాల్సింది ఒకటుంది. చలి ప్రదేశాల్లో, ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆగిపోయే చిన్న చిన్న ట్రిప్పులు ఎక్కువైతే పెట్రోల్ కొంత ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉంటే, వాసన చూస్తే పెట్రోల్ కొడితే, సంగతి తెలిసినట్టే. స్కూలుకీ అంగడికీ తిప్పే కారు సరిగ్గా ఇలాంటి ట్రిప్పులే చేస్తుంది కదా. అలా వాడేవాళ్ళు ఆయిల్ త్వరగా మార్పించుకోవాలి. ఏసీ కండెన్సర్ లీకు కూడా ఈ తరంలో పేరుమోసిన జబ్బే. అమెరికాలో దాని వారంటీని పదేళ్ళకు పెంచాల్సి వచ్చింది. ఎండలో నిలబెట్టి ఏసీ వేసి, పది నిమిషాలు ఆగి చెయ్యి పెట్టి చూడండి.

టెన్షన్ వద్దనుకునేవాళ్ళకి నా సలహా మాజ్డా 3, 2.5 లీటర్ల ఇంజన్‌ది. టర్బో లేదు. ఆటోమేటిక్ కావాలంటే పాత పద్ధతి టార్క్ కన్వర్టర్, ఆరు గేర్లు. స్టీరింగ్ చేతికి మాట్లాడుతున్నట్టు ఉంటుంది, ఇంజన్ మాత్రం రాకెట్ కాదు. 2013 చివర్లో వచ్చిన మూడో తరం పిల్లలున్న ఇంటికి నయం. 2019లో వచ్చిన నాలుగో తరం అందంగా ఉంటుంది కానీ హ్యాచ్‌బ్యాక్ వెనక స్తంభాలు మందం, కిటికీలు చిన్నవి. వెనక్కి తిరిగి కూర్చున్న బిడ్డకు బయట పెద్దగా ఏమీ కనపడదు, రివర్స్ చేసేటప్పుడు మీకూ కనపడదు. ఉత్తర అమెరికాలో 2021 నుంచి ఇదే కారు 2.5 టర్బో, నాలుగు చక్రాల డ్రైవ్‌తో వచ్చింది. ఖరీదైన పెట్రోల్ పోస్తే 250 హార్స్‌పవర్, మామూలుది పోస్తే 227. ఈ మాట కంపెనీయే చెబుతుంది కాబట్టి పెట్రోల్ ఖర్చు లెక్కలో మోసపోయే పని లేదు.

పేరు దగ్గరగా ఉందని మాజ్డాస్పీడ్ 3 (2007 నుంచి 2013) వైపు పోకండి. 263 హార్స్‌పవర్ అంతా ముందు చక్రాలకే, స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది. టర్బో పొగ, టైమింగ్ చైన్ సాగడం ఈ ఇంజన్‌కు తెలిసిన రోగాలే. రెండో కారుగా, చేతులకు గ్రీజు అంటడం ఇష్టమున్నవాళ్ళకు బాగుంటుంది.

మిగిలినవి, క్లుప్తంగా

ఫోర్డ్ ఫోకస్ ఎస్టీ (2012 నుంచి 2018) పెట్రోల్‌లో 250 హార్స్‌పవర్, మాన్యువల్ మాత్రమే. రోజూ ట్రాఫిక్‌లో ఎడమ కాలు ఒప్పుకుంటే మంచి బేరం. రికారో సీట్ల అంచులు ఎత్తుగా ఉంటాయి, నడుం సన్నగా లేనివాళ్ళు ముందే కూర్చుని చూసుకోవాలి. మలుపు తిరగడానికి చోటు ఎక్కువ కావాలి, ఇరుకు పార్కింగ్‌లో ముందూ వెనకా నాలుగుసార్లు ఆడించాలి. డిక్కీ 316 లీటర్లే, కానీ వెనక భాగం పొడుగ్గా ఉండే ఎస్టేట్ వెర్షన్ దొరికే చోట ఉంటే కథ మారిపోతుంది. దొరికితే నేను దాన్ని గోల్ఫ్ పక్కనే పెడతాను. మామూలు ఫోకస్, ఫియెస్టాల్లో ఆ రోజుల్లో పెట్టిన డ్రై క్లచ్ ఆటోమేటిక్ జోలికి మాత్రం వెళ్ళొద్దు.

ఫియెస్టా ఎస్టీ, స్విఫ్ట్ స్పోర్ట్ రెండూ చిన్నవి, తేలికవి, సరదావి. 2017లో వచ్చిన స్విఫ్ట్ స్పోర్ట్ బరువు టన్ను కూడా ఉండదు, డిక్కీ 265 లీటర్లు. ఒక బిడ్డ, అదీ ముందుకు తిరిగి కూర్చునే వయసు వచ్చేసి ఉంటే హాయిగా కొనండి. టైర్లు చవక, బ్రేకులు చవక, పెట్రోల్ తక్కువ తాగుతుంది.

మినీ కావాలంటే 2014 తర్వాత వచ్చిన తరంలో ఐదు డోర్లది (278 లీటర్లు), లేదా క్లబ్‌మన్ (360). 2007 నుంచి 2010 దాకా వచ్చిన కూపర్ ఎస్ ఇంజన్‌కు చైన్ టెన్షనర్, ఫ్యూయల్ పంపు, వాల్వుల మీద మసి, ఈ సమస్యలన్నీ ఉన్నాయి. చవగ్గా దొరకడానికి కారణం అదే.

హ్యుందాయ్ ఐ30 ఎన్ 2017లో వచ్చింది. దేశాన్ని బట్టి వారంటీ ఇంకా మిగిలి ఉండొచ్చు, అది ఈ గుంపులో అరుదు. కొన్నింటికి డిక్కీలో అడ్డంగా ఒక ఎర్ర కమ్మీ ఉంటుంది. బిగుతు కోసం పెట్టింది, విప్పేయొచ్చు. స్ట్రోలర్ పట్టలేదని వెనక్కి రాకండి. సస్పెన్షన్ మాత్రం మెత్తని మోడ్‌లో కూడా గట్టిగానే ఉంటుంది.

సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ మంచు పడే చోట అర్థవంతమైన ఎంపిక. కానీ చేతులు మారిన ప్రతి రెండు కార్లలో ఒకదానికి ఎవరో ఒకరు ఏదో ఒకటి బిగించి ఉంటారని నా అనుమానం.

పాత ఓనర్ ఎలాంటివాడు

ఆ అనుమానమే ఇలాంటి కార్ల అసలు చిక్కు. కుటుంబం కారుని ఎవరూ సాఫ్ట్‌వేర్ మార్చి తిప్పరు. స్పోర్టీ కారుని తిప్పుతారు, అమ్మేముందు మళ్ళీ కంపెనీ సామాన్లు బిగించి "అంతా స్టాకే" అంటారు. ఒకసారి నేను చూసిన కారులో ఎయిర్ ఫిల్టర్ డబ్బా కొత్తగా మెరుస్తోంది, చుట్టుపక్కల అంతా పదేళ్ళ దుమ్ము. దాని బోల్టుల తలల మీద పానా గీతలు తాజాగా ఉన్నాయి. వెనక సైలెన్సర్ క్లాంపు కూడా అంతే, దాని తోటి క్లాంపులు తుప్పుపట్టి ఉంటే ఇదొక్కటే వెండిలా ఉంది. నేనేం అడగలేదు. థ్యాంక్స్ చెప్పి వచ్చేశాను.

వెళ్ళే ముందు ఫోన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో ఆలోచించాలి. చల్లని ఇంజన్ స్టార్టయిన మొదటి రెండు మూడు క్షణాల్లోనే చైన్ గలగల, నీలం పొగ బయటపడతాయి, తర్వాత దాక్కుంటాయి. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే ఓబీడీ స్కానర్, చవకగా దొరికేది, ఒకటి వెంట ఉంచుకోండి. లోపం కోడ్‌లు లేవని సంబరపడొద్దు, రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూడండి. అవి ఇంకా పూర్తి కాలేదని చూపిస్తే బ్యాటరీ తీసి పెట్టి ఉంటారు, లేదా నిన్నో మొన్నో కోడ్‌లు చెరిపేసి ఉంటారు.

మాన్యువల్ అయితే క్లచ్ చూడ్డం సులువు. నాలుగో గేర్‌లో, ఇంజన్ రెండు వేలు దాటి తిరుగుతుండగా ఒక్కసారి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. వేగం పెరగకుండా ఇంజన్ తిరగడం మాత్రమే పెరిగితే క్లచ్ జారుతోంది. ఆ ఖర్చుకి ఫ్లైవీల్ కూడా తోడవుతుందని గుర్తుపెట్టుకుని బేరమాడండి.

పెట్రోల్ నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజన్లలో, వయసు పెరిగేకొద్దీ ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ వణికితే అదీ ఒక కారణం కావచ్చు. శుభ్రం చేయించొచ్చు, దానికి భయపడి మంచి కారు వదులుకోనక్కర్లేదు.

చక్రాలు పెద్దవైతే ఫోటోలో బాగుంటాయి. 19 అంగుళాల రిమ్ముకి వేసే, పక్క గోడ పొట్టిగా ఉండే 35 సైజు టైరు గుంత పడితే రిమ్మును కాపాడలేదు. నిద్రపోయే పిల్లలూ లేస్తారు. అదే కారుకి 17 లేదా 18 అంగుళాలవి ఉన్న వెర్షన్ దొరికితే అదే తీసుకోండి. ఇన్సూరెన్స్ ధర కూడా బయానా ఇచ్చేముందే, అదే మోడల్ అదే వెర్షన్ పేరు చెప్పి కనుక్కోండి. మామూలు వెర్షన్‌కీ దీనికీ ఉన్న తేడా చూసి మనసు మార్చుకున్నవాళ్ళని నేనెరుగుదును. కారు ధరలో కనీసం పదో వంతు రిపేర్లకని పక్కన పెట్టుకోకుండా టర్బో కారు కొనకపోవడం నా సొంత లెక్క.

నేనైతే

ఒక బిడ్డ ఉండి ఇంకొకరి ఆలోచన ఉన్నవాళ్ళకి ఏడో తరం గోల్ఫ్ జీటీఐ, ఐదు డోర్లది, రికార్డులున్నది. సామాను ఎక్కువ, దూరప్రయాణాలు ఎక్కువ అయితే సివిక్ హ్యాచ్, మాన్యువల్. ఇంట్లో ఇద్దరూ నడుపుతారు, మెకానిక్ దగ్గరికి తిరిగే ఓపిక ఎవరికీ లేదు అంటే మాజ్డా 3, 2.5. పిల్లలిద్దరు, మూడో మనిషిని వెనక ఎక్కించే అవసరం లేదు, డబ్బు ఉంది అంటే టైప్ ఆర్ తీసుకుని నాకూ ఒక రౌండ్ ఇవ్వండి.

రెండు కార్ల మధ్య తేల్చుకోలేకపోతే టైర్ల దగ్గర కూర్చోండి. గోడ మీద కోడి గుడ్డు ఆకారంలో ఉన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. నాలుగూ ఒకే కంపెనీవి, తేదీలు దగ్గరదగ్గరగా, సమంగా అరిగి ఉన్న కారు ఒకటి. ఇంకోదానికి ముందు రెండు పేరు తెలియని కొత్త టైర్లు, వెనకవి లోపలి అంచు నున్నగా. రెండోది యాభై వేలు తక్కువ తిరిగినా సరే, నేను మొదటిదాని తాళాలే అడుగుతాను.